కాలెత్తని పెద్దాయన

నీళ్ళలో కాలెత్తి నడిచేది గేదె, మనిషి కాదు అనేవాడు పెద్దాయన. మనిషన్నవాడు కాలు ఈడ్చాలట. అడుగు ఇసుకలోంచి లేవకుండా ముందుకు జరుపుకుంటూ పోవాలట, కింద ఉన్నవాళ్ళకి మనం వస్తున్న కబురు ముందే అందేట్టు. కింద ఉన్నవాళ్ళు అంటే ఎవరని నేను మొదట్లో అడగలేదు. ఏదో ముసలాయన చాదస్తం అనుకున్నాను.

పోయిన శుక్రవారం గది ఊడుస్తుంటే బాల్కనీలో ఉన్న ఆయన బూట్లకు చీపురు తగిలింది. ఒకటి బోర్లాపడి లోపల్నుంచి పిడికెడు ఇసుక రాలింది. ఆ బూట్లను నేను ఎన్నిసార్లు దులిపానో నాకే తెలీదు. నీళ్ళలోకి పోవడం మానేసి చాలా కాలమైంది. అయినా ఇసుక వస్తూనే ఉంటుంది. చీపురు అక్కడే పడేసి, ఆయన గురించి రాసి పెడదామని కూర్చున్నాను. రాస్తే ఆ ఇసుక ఆగుతుందేమో చూద్దాం.

నాది రాయచోటి పక్క. మా ఊళ్ళో నీళ్ళంటే బోరులోంచి వచ్చేవి, అవి కూడా కరెంటు ఉంటేనే. మోకాటి లోతు నీళ్ళు చూడాలంటే ఎవరి పెళ్ళిలోనో గంగాళంలోకి తొంగిచూడాల్సిందే. అట్లాంటివాణ్ణి తీసుకుపోయి సముద్రంలో నిలబెట్టాడు ఆ మహానుభావుడు.

నేను ఉండేది కువైట్‌లో, ఖైతాన్ అనే పేటలో. ఒక కాంట్రాక్టు కంపెనీకి బస్సు నడుపుతాను. పొద్దున్నే పనివాళ్ళను ఎక్కించుకుని షుఐబా ఫ్యాక్టరీల దగ్గర దించడం, సాయంత్రం మళ్ళీ తీసుకురావడం. పెద్దాయన ఆ బస్సులో వచ్చేవాడు. కోనసీమ మనిషి. వేడి పైపులకు గాజు దూది పరిచి పైన రేకు చుట్టే పని ఆయనది. వయసు అరవైకి దగ్గరపడింది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు కాస్త పక్కకు ఒరిగి నిలబడేవాడు. పేరు ఉంది గానీ బస్సులో ఎవరికీ దాంతో పనిపడలేదు. వాళ్ళవైపు పిల్లలు బాబాయ్ అనేవాళ్ళు, హిందీవాళ్ళు చాచా అనేవాళ్ళు. నేను పెద్దాయనా అనేవాణ్ణి. మా వైపు వయసు మళ్ళినవాళ్ళను అట్లే అంటాం.

ఆయన కనిపించక ముందు వినిపించేవాడు. సర్... సర్... అని బస్సు మెట్ల మీద చప్పుడు. ఇనప ముక్కు బూట్లను ఈడ్చుకుంటూ ఎక్కేవాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ బస్సుకు గీత పడితే నా జీతంలో కోస్తారు. మొదటిరోజే అరిచాను.

"ఏమి పెద్దాయనా, కాలెత్తి ఎక్కు. మెట్లన్నీ అరిగిపోతాండాయి."

"ఆయ్," అన్నాడు.

మా వైపు ఆయ్ అంటే అల్లరి చేసే పిల్లకాయల్ని గదమాయించడం. నన్నే గదమాయిస్తాడా ఈ ముసలాయన అని వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. తర్వాత ఎవరో చెప్పారు, గోదావరి వాళ్ళకు ఆ ఒక్క మాటే అన్నింటికీ అని. అవును అన్నా ఆయ్, సరే అన్నా ఆయ్, పిలిస్తే పలకడానికీ ఆయ్. అందులో తిట్టు లేదు, అంతా మర్యాదే. ఆ మర్యాదే మనిషిని ఏ ఒడ్డుకు చేరుస్తుందో అప్పుడు నాకెట్లా తెలుస్తుంది?

మా ఇద్దరికీ స్నేహం కుదిరింది నా కాళ్ళ వల్ల. ఇక్కడి ఎండాకాలం మీకు తెలిస్తే చెప్పనక్కర్లేదు, తెలియకపోతే చెప్పినా అర్థం కాదు. ఇంజను పక్కన కూర్చుని బూట్లలో కాళ్ళు ఉడికి, నా వేళ్ళ సందులు పాసిపోయి ఉండేవి. ఒకరోజు బస్సు ఆపి బూటు విప్పి గోక్కుంటుంటే పెద్దాయన చూశాడు. చంటిబిడ్డను ఎండలో పడేసినవాణ్ణి చూసినట్టు చూశాడు నా వైపు. ఆ సాయంత్రమే నా గదికి వచ్చి, కింద కూర్చుని, నేను వద్దు వద్దంటున్నా నా కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆయనకు షుగరు. షుగరు ఉన్నవాడికి కాలే కంటిపాప అనేవాడు. పాదాల విషయంలో ఆయనకు ఉన్న శ్రద్ధ చూస్తే మా ఊళ్ళో కొత్త పెళ్ళికూతురికి కూడా ఉండదు. కడిగినాక వేళ్ళ సందులు ఒక్కొక్కటీ గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. గోరు వంపుగా కాదు, తిన్నగా కత్తిరించాలి. నీళ్ళలోకి దిగే ముందు వేళ్ళ మధ్యా మడమకూ ఆముదం పట్టించాలి. సాక్సులు రెండు జతలు, లోపలిది పల్చగా, అది కూడా తిరగేసి, కుట్టు వేళ్ళకు ఒరుసుకోకుండా. పైన మందపాటిది. దాని మీద పాత కాన్వాసు బూట్లు. వాటి పక్కలకు మేకు కాల్చి బొక్కలు పొడిచాడు, వచ్చిన నీళ్ళు వచ్చిన దారినే పోవడానికి. చీలమండ దగ్గర పాత ప్యాంటు అంచు కత్తిరించి రబ్బరు బ్యాండుతో బిగించేవాడు, ఇసుక దూరకుండా. ఇదంతా చేస్తే గంటల తరబడి నీళ్ళలో నిలబడి వచ్చినా పాదం దిగినప్పుడు ఎట్లా ఉందో ఒడ్డెక్కినప్పుడూ అట్లాగే ఉండేది. ఒక ముడత ఉండేది కాదు. అది ఆయన గర్వం. ఒడ్డుకు రాగానే సాక్సు విప్పి, అరికాలు పైకి తిప్పి నాకు చూపించేవాడు.

"నానిందా అండి? చూడండి. కాలు తడవచ్చు గానండి, నానకూడదు."

ఇంతకీ ఇదంతా చేపలు పట్టడం కోసం. శుక్రవారం సెలవు. ఆరు రోజులు ఇనప బూట్లలో ఉడికిన కాళ్ళకు ఒక పూట సముద్రం కావాలనేవాడు. వేసవిలో తెల్లవారకముందే నా పాత కారులో బయలుదేరేవాళ్ళం. షుఐబా దాటి ఇంకా కిందికి పోతే, డబ్బున్నవాళ్ళ విడిది ఇళ్ళ మధ్య ఎవరికీ పట్టని ఒక తీరం ముక్క ఉంది. అక్కడ నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు చాలా దూరం మోకాటి లోతే. ఎప్పటి కాలం వాళ్ళో చేపల కోసం పాతిన దడి కర్రలు వంగిపోయి వరసగా నీళ్ళలోకి పోతుంటాయి. వెనక్కి తిరిగితే ఫ్యాక్టరీ గొట్టం మీద మంట కనిపిస్తుంది. ఆ మంట ఉన్నవైపే ఒడ్డు. పెద్దాయన మిగిలిపోయిన ఖుబ్జు రొట్టెను పిసికి ముద్ద చేసి గేలానికి గుచ్చి, నడుము దాకా కూడా రాని నీళ్ళలో కొంగ మాదిరి నిలబడేవాడు. పడినవి వెండి రంగు చిన్న చేపలు. పడకపోయినా ఆయనకు బాధ లేదు. నాకే బాధ, నిద్ర చెడగొట్టుకుని వచ్చినందుకు.

కింద ఉన్నవాళ్ళు అంటే ఎవరో అప్పుడు చెప్పాడు. టేకు చేపలు. పళ్ళెం మాదిరి బల్లపరుపుగా ఇసుక కప్పుకుని పడుకుని ఉంటాయి. తోకలో ముల్లు ఉంటుంది. కాలెత్తి పైన వేశామా, పొడుస్తుంది. షుగరు ఉన్నవాడికి ఆ ముల్లు దిగితే ఇక కాలు మీద ఆశ వదులుకోవాలి. ఈడ్చుకుంటూ పోతే ఆ కదలికకు అవే లేచి పక్కకు పోతాయి. పెద్దాయన వాటిని కూడా అండీ అనే అనేవాడు. తప్పుకోండి, తప్పుకోండమ్మా అని గొణుగుతూ నడిచేవాడు. నేల మీద టేకు చేపలు ఎక్కడున్నాయి, ఇక్కడ కూడా ఎందుకు ఈడుస్తావు అంటే, అలవాటు ఒక్కచోట తప్పితే అన్నిచోట్లా తప్పుతుందని చెప్పాడు.

నీళ్ళలో మొదటి రోజు ఒక తమాషా జరిగింది. ఆయన ఉన్నట్టుండి తన కాళ్ళవైపు చూసుకుని, పోటొత్తందండి, పోదాం పదండి అన్నాడు. మా వైపు పోటు అంటే నొప్పి. పుండు పోటు, పంటి పోటు. పాపం, కాలు సలుపుతున్నట్టుంది అని, కారులో మాత్ర ఉంది ఇస్తాలే అన్నాను. ఆయన నవ్వి నవ్వి గేలం కర్ర జారవిడిచాడు. వాళ్ళ భాషలో సముద్రం ఒడ్డు మీదికి రావడం పోటు, వెనక్కి పోవడం పాటు. అప్పుడే ఇంకో మాట చెప్పాడు. ఎప్పుడైనా దిక్కు తెలియకపోతే కళ్ళు మూసుకుని కాళ్ళను అడగమన్నాడు. పోటు వేళలో నీళ్ళు మడమల్ని తోస్తుంటే ఒడ్డు ముందు ఉన్నట్టు. వేళ్ళను తోస్తుంటే చావు ముందు ఉన్నట్టు. ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడు.

ఇంతవరకు బాగానే ఉంది. కాళ్ళ పిచ్చి ఉన్న మంచి ముసలాయన, అంతే అనుకునేవాణ్ణి. కానీ ఆయనకు ఇంకో అలవాటు ఉంది.

నీళ్ళలో నిలబడి ఉన్నవాడు ఉన్నట్టుండి తల సముద్రంవైపు తిప్పి, "ఆయ్" అనేవాడు.

ఎవరూ పిలిచి ఉండరు. నేను పిలవలేదు. అంత పొద్దున ఆ తీరంలో మేము తప్ప పిట్ట కూడా ఉండదు. గట్టిగా కూడా అనేవాడు కాదు. లోపల గదిలోంచి ఇంటామె పిలిస్తే పలికినంత మామూలుగా అనేవాడు. అని, కొంచెంసేపు చెవి ఒగ్గి నిలబడి, మళ్ళీ గేలం చూసుకునేవాడు. మొదటిసారి నేను పట్టించుకోలేదు. రెండోసారి వెనక్కి తిరిగి చూశాను. తర్వాత్తర్వాత ఆయన ఆయ్ అనగానే నా వెన్నులో చలి పుట్టేది, అంత ఎండాకాలంలోనూ.

ఒకనాడు చేపలు బుట్టలో వేసుకుని ఒడ్డున కూర్చున్నాం. ఆయన సాక్సులు పిండుతూ, చాలా రోజులుగా దాచుకున్న మాట మాదిరి మెల్లగా అడిగాడు.

"డ్రైవరు గారూ, మీ వైపు చిన్నాయనా అంటే ఎవరండి?"

"నాయిన తమ్ముడు. మీరు బాబాయ్ అంటారే, ఆయన."

"ఆయ్. అయితే నన్నేనన్నమాట," అన్నాడు తనలో తనే.

ఎవరు పిలిచారు అని అడిగాను. ఎవరో తెలియదన్నాడు. నీళ్ళలో దిగినప్పుడల్లా కాదు గానీ, అప్పుడప్పుడు సముద్రంలోంచి ఒక గొంతు చిన్నాయనా అని పిలుస్తుందట. నేను పరిచయం కాకముందు నుంచీ ఉందట అది. కడపవాళ్ళు ఎవరో తమవాణ్ణి పిలుచుకుంటున్నారని చాలాకాలం అనుకున్నాడట. చూస్తే ఒడ్డున కడపవాళ్ళూ లేరు, ఎవరూ లేరు. ఆ మాటకు అర్థం కూడా సరిగ్గా తెలియకుండానే పలుకుతూ వచ్చాడు.

"మీ యాసేనండి అచ్చంగా. మనిషి మాత్రం బాగా కంగారులో ఉన్నాడండి."

మా అవ్వ చిన్నప్పుడు నేర్పిన పాఠం ఒప్పజెప్పాను. పిలిచిన మనిషి కంటికి ఆనకపోతే పలకకూడదు, మూడుసార్లు పిలిచేదాకా నోరు మెదపకూడదు, పలికినామా వాటి వెంట పోయినట్టే అన్నాను. ఆయన సాక్సును దులిపి, రాయి మీద ఆరేసి, నా మొహంలోకి చూశాడు.

"ఆపదలో ఉన్నోడండి బాబూ. మూడుసార్లు పిలిచేదాకా చూత్తా కూచుంటామా? పలక్కపోతే ఏం మర్యాదండి?"

మర్యాద కోసం దెయ్యానికి కూడా పలికే మనుషులు వాళ్ళు. నేను ఆ రోజంతా విసుక్కుంటూనే ఉన్నాను, భయాన్ని దాచుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

మరోసారి, భయం కాస్త పాతబడినాక, ఏడిపిద్దామని చిన్నా... అని మొదలుపెట్టాను. ఆయన చటుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆముదం వాసన. పాదాల దగ్గర తప్ప ఎప్పుడూ ఎవరినీ తాకని మనిషి.

"మీరు మాత్రం అలా పిలవకండి. కనపడనోడు పిలిత్తే ఆయ్ అని ఊరుకోవచ్చండి. తెలిసినోడు పిలిత్తే వెళ్ళాల్సొత్తాది."

నేను మళ్ళీ ఎప్పుడూ అనలేదు. పెద్దాయనా అనే మాటనే గట్టిగా పట్టుకున్నాను. నిజానికి ఆ రెండో మాట నాకు కూడా పలకడం కష్టమే. మా నాయన చిన్నప్పుడే పోతే నన్ను సాకింది మా చిన్నాయనే. ట్రాక్టరు మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించింది ఆయనే. నేను కువైట్ రాకముందే పోయాడు. ఆ తర్వాత ఆ మాట వాడే అవసరం నాకు రాలేదు.

పెద్దాయనకు వయసైపోయింది, ఇక్కడ ఉండడానికి కావాల్సిన ఇఖామా కార్డు కంపెనీ కొత్తది చేయించలేదు. ఖలాస్ అన్నారు. అన్నేళ్ళు పైపులకు రేకులు చుట్టిన మనిషికి ఒక్క మాటతో ఊరి దారి చూపించారు. ఆయన దానికి కూడా ఆయ్ అనే ఉంటాడు. పోయే ముందు రోజు నా గదికి వచ్చి కాన్వాసు బూట్లు, రెండు జతల సాక్సులు, సగం ఆముదం సీసా నా ముందు పెట్టాడు.

"ఇయ్యి ఈ నీళ్ళకి అలవాటు పడిపోయినియ్యండి. మా కాలవల్లో ఏసుకుంటే నవ్వుతారు. మీ కాలికి కొంచెం వదులుంటాయి, మందం సాక్సేసుకోండి."

మరి నీకో అన్నాను. ఇంక నాకు నీళ్ళతో పనేముందండి అని నవ్వాడు. కాలెత్తకండే అని నాకు వేలు చూపించి, సర్... సర్... అని నడవాలో ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఆ చప్పుడు మెట్లు దిగి ఆగిపోయేదాకా విన్నాను. ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేముంది?

కొన్నాళ్ళు ఫోనులో మాట్లాడుకున్నాం. ఎక్కువగా కాళ్ళ గురించే. ఆ తర్వాత ఒకరోజు ఆయన నంబరు నుంచి వాళ్ళావిడ చేసింది. పక్షవాతం వచ్చి అప్పటికే నెలలైందట. ఒక పక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. కళ్ళు తెరుస్తాడు గానీ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. పెద్దాయనా, నేను, బస్సు డ్రైవర్ని అన్నాను. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడుసార్లు పిలిచాను. అవతల నుంచి ఆయ్ రాలేదు. ఆ మనిషి పిలుపుకు పలక్కపోవడం అదే మొదటిసారి.

సముద్రం అంటే ఆయనకు ప్రాణం కదా, ఆ అలల చప్పుడేమైనా వినిపిస్తే కదులుతారేమో బాబూ అని ఆమె అడిగింది. అడిగింది అంత చిన్నది. పై శుక్రవారం తెల్లవారుజామున ఒక్కణ్ణే బయలుదేరాను. ఆయన చెప్పినట్టే ఆముదం పట్టించి, రెండు సాక్సులు వేసి, ఆయన బూట్లు తొడుక్కుని, ఫోనును ప్లాస్టిక్ కవరులో వేసి మెడకు తగిలించుకుని నీళ్ళలోకి దిగాను. ఒడ్డున అలల చప్పుడు కన్నా, లోపల ఆయన నిలబడే చోట నీళ్ళు కర్రలకు తగిలే చప్పుడు ఆయనకు బాగా తెలుసు. అది రికార్డు చేద్దామని దడి చివరిదాకా పోయాను.

రికార్డు చేస్తూ కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి లోకం లేదు.

ఆగస్టు నెలలో ఇక్కడ అప్పుడప్పుడు అట్లా అవుతుంది. ఉక్క ఉక్కగా ఉండి, నీళ్ళ మీది ఆవిరీ గాల్లోని దుమ్మూ కలిసి పాల మాదిరి కమ్ముకుంటాయి. వెలుతురు ఉంది, తెల్లవారింది, కానీ నా చెయ్యి చాపితే వేళ్ళు కనిపించడం లేదు. ఫ్యాక్టరీ మంట లేదు. కర్ర పట్టుకుని ఉన్నవాణ్ణి ఆ కర్రనే నమ్ముకుని ఉండాల్సింది. ఇంకో కర్ర అందుతుందిలే అని వదిలి నాలుగడుగులు వేశాను. అందలేదు. వెనక్కి తిరిగాను. మొదటి కర్ర కూడా అందలేదు.

మోకాటి దగ్గర ఉన్న నీళ్ళు తొడల దాకా వచ్చాయి. పోటు మొదలైంది. నాకు ఈత రాదు. కాళ్ళను అడగాలని తెలుసు. కానీ గుండె అట్లా కొట్టుకుంటుంటే కాళ్ళు ఏం జవాబు చెప్తాయి? పరుగెత్తాను. గేదె మాదిరే కాళ్ళెత్తి దబదబా పరుగెత్తాను. ఒక గుంటలో కాలు పడి మునిగాను. ఉప్పునీళ్ళు మింగి లేచేసరికి నడుము దాటి ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో పూర్తిగా పోయింది. అప్పుడు కాలి కింద మెత్తగా ఏదో ఉబ్బి, రెక్క కొట్టినట్టు కదిలి జారిపోయింది. అట్లాగే కొయ్యబారిపోయాను. ఇంకో అడుగు వేసే ధైర్యం లేదు, నిలబడితే నీళ్ళు ఆగవు. రొమ్ము దాకా వచ్చాయి.

కొందరికి భయం వేస్తే అమ్మా అని వస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ రాదు. నేను ఆలోచించి పిలవలేదు. గొంతు చించుకుని పిలిచాను.

"చిన్నాయనా!"

"ఆయ్," అని వినిపించింది.

ఎడమపక్క నుంచి. దగ్గర నుంచే. బస్సు మెట్టు మీద నిలబడి అన్నంత మామూలుగా.

"వత్తన్నానండి. కాళ్ళెత్తకండి."

తర్వాత సర్... సర్... అని మొదలైంది. నీళ్ళ కింద కాలు ఈడిస్తే చప్పుడు పైకి రాదు. నాకు తెలుసు, అన్ని శుక్రవారాలు ఆయన పక్కన నిలబడినవాణ్ణి. అయినా విన్నాను. నా ముందు కొంచెం ఎడంగా అది పోతోంది. నేను కాలు ఈడుస్తూ దాని వెంట తిరిగాను. తిరగగానే నీళ్ళు మడమల్ని తోయడం తెలిసింది. నేను ఆగితే చప్పుడు ఆగింది. కదిలితే కదిలింది. తప్పుకోండి, తప్పుకోండమ్మా అనే గొణుగుడు కూడా ఒకసారి వినపడినట్టుంది. నీళ్ళు నడుము కిందికి, తొడల కిందికి, మోకాళ్ళ కిందికి దిగాయి. గట్టి ఇసుక తగిలి బోర్లా పడ్డాను. తల ఎత్తి చూస్తే చుట్టూ తెలుపే. చప్పుడు లేదు. పెద్దాయనా అని పిలిచాను. ఎవరూ పలకలేదు.

కారులో కూర్చున్నాక, పళ్ళు టకటకా కొట్టుకోవడం ఆగినాక, అప్పుడు గుర్తొచ్చింది నేను ఏమని పిలిచానో. మా ఊరి యాసలో, కంగారుగా, సముద్రంలోంచి. ఆయన నన్ను ఎరగకముందు నుంచీ వింటూ వచ్చిన పిలుపు అది. అన్నేళ్ళూ ఆయన ఆయ్ అన్నది నాకే.

ఆ రికార్డింగు ఫోనులో ఇప్పటికీ ఉంది. ఆపడం మర్చిపోయాను కాబట్టి మొత్తం ఉండే ఉంటుంది. వినలేదు. వినను కూడా.

గదికి వచ్చి బూట్లు విప్పి బాల్కనీలో పెట్టాను. సాక్సులు విప్పి చూసుకుంటే నా పాదాలు పొడి నేల మీద నడిచి వచ్చినట్టున్నాయి. ఒక ముడత లేదు. మధ్యాహ్నం ఫోను మోగింది. ఆయన నంబరు. తీశాను.

"పొద్దున పోయారు బాబూ," అంది ఆమె. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

ఎన్ని గంటలకు అని అడిగాను. ఎనిమిది కావస్తోందట. అక్కడ ఎనిమిదంటే ఇక్కడ ఐదున్నర.

అన్నాళ్ళు పడిపోయిన మాట అప్పుడు వచ్చిందట. గంజి తాగిద్దామని ఆమె గిన్నె తెచ్చేసరికి ఎవరో పిలిచినట్టు తల గుమ్మంవైపు తిప్పి, ఆయ్, వత్తన్నానండి, కాళ్ళెత్తకండి అన్నాడట. స్పష్టంగా అన్నాడట. ఆమె సంబరంగా పక్కింటివాళ్ళను కేకేసిందట. వాళ్ళు వచ్చి చూస్తుండగానే, చచ్చుబడిన కాలు కూడా కలిపి రెండు కాళ్ళూ దుప్పటి మీద సర్... సర్... అని నడిచినట్టు కదిలాయట. కాసేపు అట్లా కదిలి కదిలి ఆగిపోయాయట.

"స్నానం చేయించేటప్పుడు చూశామండి. అరికాళ్ళు రెండూ తెల్లగా నాని, ముడతలు ముడతలుగా ఉన్నాయి. నెలలుగా మంచం దిగని మనిషండి. ఎక్కడ నానినియ్యి బాబూ ఆ కాళ్ళు?"

నేను బాల్కనీవైపు చూశాను. పక్కల బొక్కల్లోంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. బూట్లు, రెండు జతల సాక్సులు, ఆముదం సీసా, అన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఉత్తకాళ్ళతో వచ్చాడు మా చిన్నాయన.